గీత పడిన పాట

పోయిన నెల సూర్యాపేటలో మా ఆడబిడ్డ మనవడి పెళ్లయింది. ఊరేగింపు ముందు ఒక లారీ, లారీ మీద బీరువాలంత పెట్టెలు, ఆ పెట్టెల్లోంచి వచ్చే మోతకు నా కట్టుడు పళ్లు కూడా తాళం వేశాయి. పాట సాఫీగా నడుస్తూ నడుస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయి, అదే మాటను మళ్లీ మళ్లీ అనడం మొదలుపెట్టింది. కుర్రకారంతా ఒక్కసారిగా ఎగిరి గంతులేశారు. నేను మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడి, చిటికెన వేలు ముందుకు చాచాను. పక్కనున్న మనవరాలు "ఏం కావాలె అమ్మమ్మా?" అంది. "సూది ఇరుక్కుంది, కాస్త తోయాలే" అన్నాను. అది కడుపు పట్టుకొని నవ్వింది. "ఇరుక్కోలే అమ్మమ్మా, కావాలనే అట్ల పెడ్తరు. గిప్పుడు గదే ట్రెండు" అంది. మా రోజుల్లో పాట పాడైపోయిందని ఏడ్చిన చోటే వీళ్లు చిందులేస్తున్నారు. వాళ్లను తప్పు పట్టను. వయసులో ఉన్నవాళ్ల చెవులకు పెద్దవాళ్లు తీర్పు చెప్పకూడదని నాకు చిన్నప్పుడే తెలిసింది. కానీ ఆ మాట మళ్లీ మళ్లీ వినపడుతుంటే అంత వెలుగులో, అంతమంది జనంలో నా ఒళ్లు జలదరించింది. ఎందుకో చెబుతాను.

మా నాన్న కోదాడలో బడిపంతులు. అమ్మ పోయాక నన్ను సూర్యాపేటలో మా చిన్నమ్మ దగ్గర ఉంచారు. చిన్నమ్మ అంటే అమ్మకు ఆఖరి చెల్లెలు, నాకంటే అయిదారేళ్లే పెద్ద, కాబట్టి సగం అమ్మ, సగం స్నేహితురాలు. ఆమె మిర్యాలగూడలో పెరిగింది. చిన్నప్పుడు ఉయ్యాల మీద నుంచి పడి కుడిచేతి చిటికెన వేలు వంకరపోయింది. పెళ్లిచూపుల్లో ఆ చెయ్యి కొంగు చాటున దాచారట. బాబాయి అది చూసేసి, "వంకర ఉంటే ఏంది, గ్రామఫోను సూది తోయనీకి అసుంటి ఏలే కావాలె" అన్నాడట. ఆయనకు సూర్యాపేట రోడ్డు మీద కిరాయి సైకిళ్ల దుకాణం ఉండేది. ట్యూబులు, టైర్లు తేవడానికి బెజవాడ వెళ్లి, వాటితోపాటు ఒక గ్రామఫోను కూడా తెచ్చుకున్నాడు. దుకాణం ముందు బల్ల మీద పెట్టి చావి తిప్పితే, సైకిలు అవసరం లేనివాడు కూడా వచ్చి నిలబడేవాడు. బేరం పెరగడానికే పాటలు అని తల్లికి చెప్పేవాడు గానీ, నిజానికి పాటల కోసమే ఆ బేరం పెట్టుకున్నాడని మా అందరికీ తెలుసు.

ఆ మొగుడూ పెళ్లాల మధ్య తగాదా అంటూ ఉంటే అది పాటల గురించే. బాబాయికి గంతుల పాటలు కావాలి. అంతకుముందు అందరూ నాటకాల పద్యాలు వింటూ రాగం ఎంతసేపు తీస్తే అంత గొప్ప అనుకునేవాళ్లు. డేరా సినిమాలు వచ్చాక పాట పొట్టిదయింది, నడక పెరిగింది, తబలా ముందుకొచ్చింది. బాబాయి బెజవాడ వెళ్లిన ప్రతిసారీ ఒక కొత్త రికార్డు తెచ్చేవాడు, ఆరు నెలల కిందటి దాని పేరెత్తితే మొహం చిట్లించేవాడు. "కొత్తొక వింత, పాతొక రోత" అని నవ్వేవాడు. చిన్నమ్మకు మాత్రం ఒకే ఒక్క పాట. దాని మీది కాగితం ఎప్పుడో ఊడిపోయింది, పాడినామె ఎవరో మాకెవరికీ తెలియదు. "వాన వెలిసే వేళకైనా వస్తావా" అని మొదలవుతుంది. తొందర లేని పాట. ఎవరో ఆడమనిషి ఇంటిపని ముగించుకొని గడపలో కూర్చొని తనలో తాను పాడుకున్నట్టు ఉంటుంది. వెనక ఒక్క ఫిడేలు తప్ప ఏమీ ఉండదు. నాకైతే అప్పట్లో బాబాయి పాటలే నచ్చేవి. చిన్నమ్మ పాట వింటే నిద్రొచ్చేది, ఆ మాట ఆమె ముందు అనలేక ఆవలింతలు మింగేదాన్ని.

ఒకరోజు కొత్త రికార్డు పెట్టే ఆత్రంలో బాబాయి ఆ పాట మీద నుంచి సూదిని సర్రున లాగేశాడు. గీత పడింది. ఆ తరవాత ఎప్పుడు పెట్టినా "వస్తావా" దగ్గరికి రాగానే సూది వెనక్కి జారి, వస్తావా, వస్తావా, వస్తావా అంటూ ఇరుక్కునేది. ఎవరో ఒకరు వేలితో ఆ సూది కాడను తోస్తే టప్పుమని దాటి, ఏమీ జరగనట్టు ముందుకు పోయేది. చిన్నమ్మ పదిరోజులు ఆయనతో మాట్లాడలేదు. బాబాయి క్షమాపణ అడిగే రకం కాదు, వెక్కిరించే రకం. చిన్నమ్మ "అన్నానికి వస్తవా?" అని పిలిస్తే చాలు, ఆ పాటను గీతతో సహా పాడేవాడు. ఆడగొంతు పెట్టి, ముక్కుతో ఫిడేలు వాయించి, మూడుసార్లు వస్తావా అని, తన చెంప మీద తానే టప్పుమని కొట్టుకొని ముందుకు పోయేవాడు. అసలు రికార్డు పాడుతున్నదో బాబాయి పాడుతున్నాడో పక్కింటివాళ్లకు తెలిసేది కాదు. చిన్నమ్మ చేతిలో గరిటె ఉంటే విసిరేది. కోపం మాత్రం పోయేది.

నలభై ఎనిమిది ఎండాకాలం నాటికి ఊళ్లో నవ్వులు తగ్గిపోయాయి. అవి రజాకార్ల రోజులు. పొద్దుగూకక ముందే తలుపులు మూసుకునేవాళ్లు. ఒక్కో ఇల్లే తాళం పడుతూ, జనం బండ్లు కట్టుకొని కోదాడ మీదుగా హద్దు దాటి జగ్గయ్యపేట వైపు పోతున్నారు. మేమూ కదిలాం. ఇంట్లో విలువైనవన్నీ పాతరలో పెట్టాం. జొన్నలు దాచుకోవడానికి నడింట్లో తవ్వుకునే లోతైన గుంతను మావైపు పాతర అంటారు. గ్రామఫోనును, రికార్డులను గొంగళ్లలో చుట్టి బాబాయే లోపలికి దించాడు. మూతి మీద బండ పెట్టి, పేడా మట్టీ కలిపి మెత్తి, ఆ పచ్చి మట్టి మీద ఇంటి ఆడమనిషి కుడిచెయ్యి అచ్చు వెయ్యాలి. ఎవరైనా పాతర తెరిచి మళ్లీ మూసినా ఆ చెయ్యి వేయలేరు కదా, దొంగ పట్టుబడతాడు. మిగతా ఇండ్లలో అది ఆనవాయితీ మాత్రమే. మా ఇంట్లో అది నిజంగా తాళమే, ఎందుకంటే చిన్నమ్మ చిటికెన వేలు లాంటిది ఊళ్లో ఇంకొకటి లేదు.

బాబాయి కోదాడ దాకా మా బండి పక్కన సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. అక్కడ ఆగి, కిరాయికి పోయిన రెండు సైకిళ్లు ఇంకా తిరిగి రాలేదు, అవి తీసుకొని వచ్చేస్తాను అన్నాడు. దేశం తగలబడిపోతుంటే సైకిళ్లేమిటని ఆయన తల్లి నెత్తి కొట్టుకుంది. ఆమెను నేను నాయనమ్మ అనే పిలిచేదాన్ని. చిన్నమ్మ బండిలోంచి తల బయటపెట్టి "మళ్ల ఎప్పుడొస్తవ్?" అంది. బాబాయి సైకిలెక్కి, ముక్కుతో ఫిడేలు వాయించి, "వస్తావా, వస్తావా, వస్తావా" అని, చెంప మీద టప్పుమని కొట్టుకొని, వెనక్కి చూడకుండా తొక్కుకుంటూ పోయాడు. బండిలో అందరం నవ్వాం.

ఆయన రాలేదు. వానలు వచ్చాయి, పోలీసు యాక్షన్ అయింది, జనం తిరిగి ఊళ్లకు మళ్లారు, అప్పటికీ రాలేదు. పాలకీడు దగ్గర చెరువు గట్టు కింద ఆయన సైకిలు దొరికిందని ఎవరో తెచ్చిచ్చారు. సూర్యాపేటలో మా ఇంటి తాళం మేము వేసినది వేసినట్టే ఉంది. తలుపు తీస్తే నేల మీద దుమ్ము మందంగా పేరుకొని ఉంది, అడుగుల గుర్తు ఒక్కటీ లేదు. మా వెనకాలే, అందరం ఖాలా అని పిలిచే పక్కింటి ముసలామె గోడ పట్టుకొని వచ్చింది. ఆమెకు చూపు సరిగా ఆనదు గానీ చెవులు పాము చెవులు. కొడుకులు హైదరాబాదు వెళ్లిపోగా ఒక్కతే ఉంటోంది. లోపల దుమ్ము దులుపుతున్న మా అలికిడి విని ఆశ్చర్యంగా, "ఇన్నొద్దులు మీ ఆయన ఒక్కడే ఉండె గద బిడ్డా! జర పిలిస్తే పలుకుతడని గోడ మీంచి పిలిస్తే పలుకడాయె. దీపాలు పెట్టే యాళ్లకు రోజూ గా పాటే పెడ్తడు, గా ఇరుక్కునే పాట" అంది.

చిన్నమ్మ చేతిలో చీపురు కింద పడింది. ఎవరు పెడతారు, ఇంటికి తాళం, పెట్టె పాతరలో. ముసలామెకు భ్రమ అనుకున్నాం. ఆ సాయంత్రమే దీపం వెలిగిస్తుంటే మాకూ వినపడింది.

నడింట్లోంచే వచ్చింది. పెద్దగా కాదు, ఎవరో దుప్పటి కప్పుకొని పాడుతున్నంత సన్నగా. మొదట ముక్కుతో ఫిడేలు. తరవాత వాన వెలిసే వేళకైనా. చిన్నమ్మ, నేను, నాయనమ్మ, ముగ్గురమూ వంటింటి గడపలో నిలబడి ఆ ఖాళీ గదిని చూస్తున్నాం. గదిలో పాతర బండ తప్ప ఏమీ లేదు. వస్తావా, వస్తావా, వస్తావా అని ఆగింది. ఆ ఆగిన క్షణం ఎంత పొడుగ్గా ఉందో చెప్పలేను. చిన్నమ్మ కుడిచెయ్యి తనంతట తాను లేచింది, వంకర చిటికెన వేలితో గాలిని నెమ్మదిగా తోసింది. టప్. పాట ముందుకు పోయింది. నాయనమ్మ చేతిలో నూనె గిన్నె ఒలికిపోయింది.

పెదనాయన, అంటే బాబాయి అన్న, మరునాడే నలుగురిని వెంటబెట్టుకొని వచ్చాడు. తమ్ముడు పోయాడు, నీళ్లు వదలకపోతే ఇట్లాగే తిరుగుతాడు, పైగా వస్తావా అని పెళ్లాన్ని పిలుస్తున్నాడు, తీసుకుపోతాడు అని ఆయన భయం. ఆయన చెడ్డవాడేమీ కాదు, తమ్ముడి మీద ప్రేమతోనే వణికిపోయాడు. వచ్చే అమావాస్యకు కర్మ చేయాలని, అంతకుముందే ఆ పెట్టెను తీసి పగలగొట్టాలని తేల్చేశారు. అంటే చిన్నమ్మ గాజులు పగలాలి, బొట్టు పోవాలి. ఇరవై రెండేళ్ల మనిషి.

పాతర దగ్గర దుమ్ము ఊడ్చారు. చిన్నమ్మ చెయ్యి అచ్చు పెచ్చు కూడా ఊడకుండా ఉంది, వంకర వేలితో సహా. వచ్చినవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బండ తీసి, లోపలి గాలి పీల్చే గాలేనా అని చూడడానికి అలవాటు ప్రకారం తాడుకు దీపం కట్టి దించారు. దీపం సగానికి వెళ్లి ఆరిపోయింది. మళ్లీ దించితే మళ్లీ ఆరింది. పొద్దెక్కేదాకా పాతరను ఊపిరి తీసుకోనిచ్చి అప్పుడు దిగారు. గొంగళ్లు చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. గ్రామఫోను చావి తుప్పు పట్టి తిరగలేదు. రికార్డుల మీద తెల్లటి బూజు, వేలిముద్ర లేదు. పెదనాయన చిన్నమ్మ రికార్డును రెండు చేతులా ఎత్తి బండకేసి కొట్టబోయాడు. చిన్నమ్మ గబుక్కున లాక్కొని, దాన్ని ఒళ్లో పెట్టుకొని బండ మీద చతికిలబడింది.

"ఈ పెట్టె పాడలే బావా, మీరే సూసిండ్రు. పెట్టె పాడకుంటే నోరు పాడినట్టే గద" అంది.

"నోరు ఏడున్నదమ్మా? ఇల్లంత ఎతికినం."

"ఏడుందో నాకు తెల్వదు. గని చెంప కొట్టుకున్న సప్పుడు ఇన్న. సచ్చినోళ్లు ఏడుస్తరు, పిలుస్తరు, భయపెడ్తరు. ఎక్కిరిస్తరా? ఆ ఎక్కిరింత ఆయన బతికుంటెనే అయితది."

నాయనమ్మ ఏడుస్తూ "లోకం ఊకుంటదా బిడ్డా?" అంది. చిన్నమ్మ లేచి నిలబడింది. ఆ మాటలు నాకిప్పటికీ చెవిలో ఉన్నాయి. "ఆ పాట ఇనపడ్డన్ని దినాలు నా చేతులు ఎవ్వరు ముట్టకుండ్రి. పాట ఆగిపోయిన్నాడు నా గాజులు నేనే తీస్త అత్తమ్మా, మీరు చెప్పే పనే లేదు."

ఆ చలికాలం ఎలా గడిపామో తలచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది. ఊరంతా దయ్యం అని హడలిపోయే పాట కోసం మేము పొద్దుగూకేసరికి గడపలో కూర్చొని ఎదురుచూసేవాళ్లం. రోడ్డు మీద మళ్లీ డేరా వేశారు, కొత్త సినిమాల కొత్త పాటలు టీ హోటళ్లలో మోగుతున్నాయి. బాబాయి ప్రాణం పెట్టిన పాటలు అప్పుడే ఎవరికీ గుర్తులేవు. మా ఇంట్లో మాత్రం ఆ ఒక్కటే. మమ్మల్ని పేరంటాలకు పిలవడం మానేశారు. మొగుడు లేకపోయినా గాజులేసుకొని దయ్యంతో కాపురం చేస్తోందని అన్నారు. నాకు భయం తగ్గలేదు, పాట మొదలవగానే చిన్నమ్మ కొంగు పట్టుకునేదాన్ని. కానీ ఆగిపోతుందేమో అన్న భయం దానికంటే పెద్దదయింది. ఆవలింతలు తెప్పించిన పాట ప్రతి మలుపూ నాకు కంఠతా వచ్చేసింది.

సంక్రాంతి వెళ్లాక ఒకరోజు పాట రాలేదు. గాలి వాలు మారిందేమో అనుకున్నాం. మరునాడూ రాలేదు. ఖాలా గోడ అవతలి నుంచి "మీకేమన్న ఇనపడ్డదా బిడ్డా?" అని అడిగింది. ఆ తరవాతి రోజూ లేదు. నాయనమ్మ కోడలి చేతుల వంక చూసి కళ్లు తిప్పుకుంది. చిన్నమ్మకు అన్నం దిగడం లేదు. ఇంకొక్కరోజు, ఇంకొక్కరోజు అంటూ వారం గడిచింది. చివరికి ఒక సాయంత్రం స్నానం చేసి వచ్చి, పాతర బండ మీద కూర్చొని, "మాట ఇచ్చిన గద" అంది. ఎడమచేతి గాజులు ముందుకు జరిపింది. నేను ఆమె చెయ్యి పట్టుకొని, "ఆగు చిన్నమ్మా, దీపాల వేళ ఇంకా దాటలేదు కదా" అని బతిమాలాను. ఆమె నా వేళ్లు ఒక్కొక్కటే విడదీస్తోంది. అప్పుడు వీధి తలుపు దగ్గర ఎవరో దగ్గారు.

గడ్డం, ఎముకలు, ఎవరిదో పెద్ద చొక్కా. నాయనమ్మ మొదట గుర్తుపట్టలేదు. చిన్నమ్మ కూడా లేవలేదు, గాజులు సగం చేతి మీదికి జారి ఉండగా అలాగే చూస్తోంది. ఆయన ఏ పాటా పాడలేదు, వెక్కిరించలేదు. "గాజులెందుకు తీస్తున్నవ్?" అన్నాడు. అప్పుడు అరిచింది చిన్నమ్మ. ఆ అరుపు ఆమె గొంతులోంచి నేను మళ్లీ వినలేదు.

కోదాడలో మమ్మల్ని వదిలిన మరునాడే దారిలో పట్టుకుపోయారట. ఎవరు, ఎందుకు అన్నది ఆయనకే సరిగా తెలియదు. అప్పటి నుంచి వారం కిందటి దాకా దూరపు జైల్లో ఉన్నాడు. వదిలిపెట్టాక సగం నడిచి, సగం బండ్ల మీద వచ్చాడు. చిన్నమ్మ ఆయన ముందు అన్నం పెట్టి, పాట సంగతి మొత్తం చెప్పింది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకోకుండా వింటూ ఉండిపోయాడు.

"నేను ఈడికి రాలే. సూర్యాపేట పొలిమేర గూడ తొక్కలే" అన్నాడు.

"మరి పాడింది?"

"పాడిన. గని గాడ." ఆయన పళ్లెం పక్కకు జరిపాడు. "పొద్దుగూకంగనే లోపలేసి తాళమేస్తరు. తోటోళ్లు పాడుమంటరు. మొదట నా పాటలే పాడిన. ఒకదానెనక ఒకటి మరిసిపోయిన, ఆఖరికి ఒక్కటి యాదికి రాకపాయె. నీ పాటొక్కటే మిగిలింది. గీత కాడ చెంప కొట్టుకుంటే గని ముందటికి పోకపోయేది. కొన్ని దినాలు గట్ల కొట్టుకోబోయేసరికి, కొట్టుకోకముందే ఎవరో తోసినట్టయితుండె."

చిన్నమ్మ తన వంకర వేలిని కొంగులో చుట్టుకుంది.

ఆ తరవాత జరిగిన తమాషా ఏమిటంటే, ఇద్దరి ఇష్టాలూ తారుమారయ్యాయి. బాబాయికి ఆ మెల్లటి పాటే కావాలి, కొత్తవి వింటే తల తిప్పుకునేవాడు. చిన్నమ్మ ఆ రికార్డును గొంగడిలో చుట్టి అటక మీద పడేసి, మళ్లీ తియ్యనివ్వలేదు. గ్రామఫోను బాగు చేయించి గంతుల పాటలే పెట్టించేది. రేడియో వచ్చినా, టేపులు వచ్చినా ఎప్పటికప్పుడు కొత్తవే వినేది. ఎందుకని అడిగితే, "గా పాట ఊకెనే ఇనేది కాదే" అనేది. ఆమె ఎందుకు భయపడిందో నాకు అర్థమయ్యేది. ఎక్కడో పాడితే ఇక్కడ వినపడిన పాట, ఇక్కడ పాడితే ఎక్కడ వినపడుతుందో ఎవరికి తెలుసు.

బాబాయి నిండు జీవితం గడిపి, మనవలను ఎత్తుకొని, మంచం మీదే పోయాడు. అప్పటికి చిన్నమ్మకు డెబ్భై దాటింది. ఆడవాళ్లు గాజులు తీయడానికి వస్తే "జర ఆగుండ్రి" అంది. పెద్దదానివి, ఇంకేం ఆగడం అని గొణిగారు గానీ ఎవరూ చెయ్యి వేయలేదు. దీపాల వేళకు నన్ను పిలిచి నడింట్లో పక్కన కూర్చోబెట్టుకుంది. పాతర ఎప్పుడో పూడ్చేసి గచ్చు వేశారు. ఇద్దరమూ చెవులు రిక్కించి కూర్చున్నాం. వీధిలో ఆటో పోయింది. ఎవరింట్లోనో టీవీలో ఆ ఏటి కొత్త పాట. అది కూడా అయిపోయింది. మా ఇంట్లో ఏమీ లేదు. నాకు జీవితంలో అంత భయం వేసిన నిశ్శబ్దం మరొకటి లేదు. చిన్నమ్మ చీకటి పడేదాకా చూసింది, వంకర వేలితో ఒకసారి గాలిని తోసి మళ్లీ వింది. తరవాత తన గాజులు తానే ఒక్కొక్కటీ తీసి నా ఒళ్లో పెట్టింది.

"ఇనపడ్తలేదే. ఇగ నిజమే" అంది.

ఆమె పోయి కూడా చాలా ఏళ్లయింది. ఆ రికార్డు ఇప్పుడు నా దగ్గరే, అదే గొంగడిలో ఉంది. వాయించే పెట్టె లేదు, ఉన్నా వాయించను. పెళ్లి ఊరేగింపులో నా వేలు ఎందుకు లేచిందో మనవరాలికి చెప్పలేదు, నవ్వనిచ్చాను. కాలం ఎక్కడా ఆగదని అందరూ అంటారు గానీ, దాని మీద కూడా ఎక్కడో ఒక గీత ఉంటుంది, దీపాలు పెట్టే వేళకు నేనింకా అక్కడే కూర్చొని వింటున్నాను.